చిటికెడు ఉప్పు లెక్క

మెడికల్ షాపులో దొరికే ఓఆర్ఎస్ పొట్లం వెనక చిన్న అక్షరాలతో ఒక పట్టిక ఉంటుంది. సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. మొత్తం 20.5 గ్రాములు, ఒక లీటరు నీళ్ళకి. పొట్లం దొరకనప్పుడు ఇంట్లో కలుపుకోమని చెప్పే పద్ధతి ఇంకొకటుంది: లీటరు నీళ్ళలో అంచుకి సమానంగా నింపిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఆరు టీస్పూన్ల పంచదార సుమారు 25 గ్రాములు తూగుతుంది. పొట్లంలో తీపి 13.5 గ్రాములు, ఇంట్లో కలిపినదాంట్లో 25 గ్రాములు. దాదాపు రెట్టింపు. మరి రెండూ ఒకే జబ్బుకి, ఒకే పసివాడికి ఎలా పట్టించమంటున్నారు? ఎవరైనా లెక్క తప్పారా?

తప్పలేదు. గ్లూకోజు ఒక మోల్ 180 గ్రాములు. పంచదార, అంటే సుక్రోజు, ఒక మోల్ 342 గ్రాములు. పొట్లంలోని 13.5ని 180తో భాగిస్తే 0.075 వస్తుంది. ఇంటి పంచదార 25ని 342తో భాగిస్తే 0.073. లీటరుకి 75 మిల్లీమోల్‌లు ఒకటి, 73 మిల్లీమోల్‌లు ఇంకొకటి. సుక్రోజు అణువు అంటే ఒక గ్లూకోజు, ఒక ఫ్రక్టోజు చేతులు పట్టుకుని ఉన్న జంట. పేగులో ఉండే ఎంజైము ఆ చేతులు విడదీస్తుంది. విడదీశాక పేగుకి అందే గ్లూకోజు రెండు ద్రావణాల్లోనూ ఇంచుమించు ఒకటే. తూకంలో రెట్టింపుగా కనిపించిన తేడా లెక్కపెట్టేసరికి మాయమైపోయింది.

ఇంటర్లో ఎంపీసీయో బైపీసీయో చదివిన మనలో చాలామందికి మోలారిటీ అంటే ఎంసెట్‌లో ఒకటో రెండో మార్కులు. ద్రావితం బరువుని అణుభారంతో భాగించు, వచ్చినదాన్ని లీటర్లతో భాగించు, నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్ పెట్టు. మోలారిటీ, మొలాలిటీ, నార్మాలిటీ అని మూడు పేర్లు బట్టీ పట్టించారు తప్ప, అసలు ఒక ద్రావణాన్ని ఇంకో ద్రావణంతో ఎందుకు పోల్చాల్సి వచ్చిందో ఏ లెక్చరరూ చెప్పిన గుర్తు లేదు. ఆ "ఎందుకు"కి ఒక మంచి జవాబు రసాయనశాస్త్రంలో కన్నా కలరా చరిత్రలో దొరుకుతుంది. మన శరీరం తూచదు, లెక్కపెడుతుంది. ఈ ఒక్క సంగతి మనుషులకి అర్థం కావడానికి దాదాపు నూట నలభై ఏళ్ళు పట్టింది. ఈలోపు పోయిన ప్రాణాలకి లెక్కే లేదు.

అణువుల్ని నమ్మని మనిషి పెట్టిన పేరు

1877లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఫెఫర్ ఒక మట్టిగిన్నె లాంటి పింగాణీ పాత్ర తయారుచేశాడు. దాని గోడల్లోంచి నీళ్ళు పోగలవు, పంచదార పోలేదు. అందులో పంచదార పాకం పోసి నీళ్ళలో ముంచితే, బయటి నీళ్ళు లోపలికి చొచ్చుకొచ్చి పీడనం పెరిగింది. ఎంత పంచదారకి ఎంత పీడనమో ఫెఫర్ ఓపిగ్గా కొలిచి పెట్టాడు. అతనికి కావలసింది మొక్కల కణాల సంగతి.

ఆ అంకెలు వాంట్ హాఫ్ అనే డచ్చి రసాయనవేత్త కంటబడ్డాయి. 1880లలో అతను గమనించింది ఇది: ఈ పీడనం ద్రావణంలో ఏం కరిగిందన్న దాని మీద ఆధారపడదు, ఎన్ని కణాలు కరిగాయన్న దాని మీదే ఆధారపడుతుంది. కరిగిన పంచదార అణువులు సీసాలో ఉన్న గాలి అణువుల్లా ప్రవర్తిస్తున్నాయి. బరువైనదా, తేలికైనదా, తియ్యనా, చప్పనా అన్నది నీళ్ళకి పట్టదు. కణాలు ఎటు వైపు ఎక్కువ ఉంటే అటు వైపు నీళ్ళు నడుస్తాయి.

ఒక్క చిక్కు మిగిలింది. ఉప్పు ఈ లెక్కకి లొంగలేదు. ఉండాల్సిన దానికి దాదాపు రెట్టింపు పీడనం చూపించింది. 1887లో స్వీడన్‌కి చెందిన అరీనియస్ ఆ చిక్కు విప్పాడు. ఉప్పు నీళ్ళలో పడగానే సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. అంటే ఒకటి వేస్తే రెండు అవుతుంది. కాబట్టి ఉప్పుని రెండుసార్లు లెక్కపెట్టాలి. కరిగిన ప్రతి ముక్కనీ విడివిడిగా లెక్కపెడితే వచ్చేదాన్ని ఆస్మోలారిటీ అంటారు. మోలారిటీకి అది తోబుట్టువు.

వీళ్ళిద్దరి స్నేహితుడు విల్‌హెల్మ్ ఓస్వాల్డ్. "మోల్" అన్న మాటని 1890లలో వాడుకలోకి తెచ్చింది ఆయనే. తమాషా ఏమిటంటే ఆయనకి అణువులంటే నమ్మకం లేదు. అవి లెక్కల సౌకర్యం కోసం పెట్టుకున్న ఊహ మాత్రమేనని వాదించేవాడు. అందుకే ఆయన దృష్టిలో మోల్ అంటే ఒక సంఖ్య కాదు, గ్రాముల్లో చెప్పిన ఒక బరువు. తర్వాత ఫ్రాన్సులో జాఁ పెరాఁ చేసిన ప్రయోగాలూ, మరికొన్నీ చూశాక 1909 నాటికి ఆయన మనసు మార్చుకున్నాడు. అదే 1909లో పెరాఁ ఒక మోల్‌లో ఉండే అణువుల సంఖ్యకి అవగాడ్రో పేరు పెడదామన్నాడు. మోల్ అధికారికంగా బరువు కట్టు తెంచుకున్నది మాత్రం చాలా ఆలస్యంగా, 2019లో. అప్పటిదాకా 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని అణువులుంటే అన్ని అని నిర్వచనం. ఇప్పుడు నేరుగా ఒక అంకె: 6.02214076ని 10 ఘాతం 23తో గుణిస్తే వచ్చేది. డజను అంటే పన్నెండు అన్నట్టు, మోల్ అంటే అన్ని.

రక్తంలోంచి తప్పిపోయిన ఉప్పు

ఇక కలరా. తెలంగాణలో దీన్ని గత్తర అంటారు. కోపంగా తిట్టేటప్పుడు ఇప్పటికీ ఆ మాట నోట్లోంచి వస్తుంది. ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయిన జ్ఞాపకం ఒక తిట్టులో మిగిలిపోయిందన్నమాట.

1831 చివర్లో కలరా ఇంగ్లండు చేరింది. డబ్ల్యూ. బి. ఓషానెస్సీ అనే ఇరవై రెండేళ్ళ డాక్టరు రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులో నీరూ లవణాలూ తగ్గిపోయాయని, అవి పోగొట్టుకున్న మలంలోనే ఉన్నాయని తేల్చాడు. పోయినదాన్ని తిరిగి ఇవ్వాలన్నాడు. ఈ ఓషానెస్సీయే తర్వాత ఈస్టిండియా కంపెనీ కొలువులో కలకత్తా వచ్చి, చివరికి మన దేశంలో టెలిగ్రాఫ్ తీగెలు వేయించాడు. ఆయన మాట పట్టుకుని 1832లో స్కాట్లండులోని లీత్‌లో థామస్ లాటా అనే డాక్టరు రోగుల నరాల్లోకి ఉప్పు, సోడా కలిపిన నీళ్ళు ఎక్కించాడు. చచ్చిపోతున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. కొందరు బతికారు. చాలామంది కొన్ని గంటలకి మళ్ళీ జారిపోయారు.

లాటా రాసిపెట్టిన పాళ్ళు డ్రామ్‌లు, స్క్రూపుల్‌లు, పైంట్‌లలో ఉన్నాయి. వాటిని ఇప్పటి లెక్కలోకి మారిస్తే అతని ద్రావణంలో సోడియం మన రక్తంలో ఉండే 140 మిల్లీమోల్‌లలో సగం చుట్టుపక్కల తేలుతుంది. పలచన. అతన్ని తప్పుపట్టలేం, రక్తంతో పోల్చుకోవడానికి అతని దగ్గర కొలబద్దే లేదు. ఫెఫర్ పింగాణీ పాత్రకి ఇంకా నలభై అయిదేళ్ళ దూరం ఉంది. శుభ్రమైన సూదులు లేవు, ఎంతసేపు ఎక్కించాలో తెలియదు. పద్ధతి మూలన పడింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ దాన్ని మళ్ళీ బయటికి తీశాడు. రోగి రక్తం ఎంత చిక్కబడిందో కొలిచి, దాన్ని బట్టి గాఢమైన ఉప్పు నీళ్ళు ఎక్కించి, మరణాల్ని సుమారు సగానికి దించాడు. వాంట్ హాఫ్ తర్వాతి తరం కాబట్టి అతనికి ద్రావణాల్ని పోల్చే భాష ఉంది.

ఆ భాషతో చూస్తే ఆసుపత్రిలో మంచం పక్కన వేలాడే సీసాలు కొత్తగా కనిపిస్తాయి. మనవాళ్ళు ఏది ఎక్కించినా "గ్లూకోజ్ ఎక్కించారు" అనే అంటారు. నిజానికి నార్మల్ సెలైన్‌లో లీటరుకి 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. అయిదు శాతం డెక్స్‌ట్రోజ్‌లో 50 గ్రాముల గ్లూకోజు. తొమ్మిదెక్కడ, యాభై ఎక్కడ! లెక్కపెట్టండి: ఉప్పు 9ని 58.4తో భాగిస్తే 154, రెండు ముక్కలవుతుంది కాబట్టి 308. గ్లూకోజు 50ని 180తో భాగిస్తే 278. మన రక్తం దాదాపు 290. రెండు సీసాలూ రక్తానికి అటొకటి ఇటొకటి నిలబడ్డాయి. అందుకే రెండింటినీ నేరుగా నరంలోకి వదలగలుగుతున్నారు. అలాగని రెండూ ఒకటేనా అంటే కాదు. విరేచనాల్లో పోయిన సోడియాన్ని ఒకటి ఇస్తుంది, రెండోది ఇవ్వదు. మొత్తం ఎన్ని అన్నదొక ప్రశ్న, వాటిలో ఏవి ఎన్ని అన్నది ఇంకో ప్రశ్న.

తోడు లేనిదే తెరుచుకోని తలుపు

నరంలోకి ఎక్కించాలంటే సీసా కావాలి, సూది కావాలి, నర్సు కావాలి, ముందు ఆసుపత్రి కావాలి. కలరా వచ్చే ఊళ్ళలో లేనివి సరిగ్గా అవే. మరి నోటితో ఎందుకు తాగించలేదు? తాగించారు. ఉత్త ఉప్పునీళ్ళు తాగిస్తే విరేచనం ఇంకా ఎక్కువైంది. పేగు పాడైపోయింది, అది ఏదీ పీల్చుకోదు, దానికి విశ్రాంతి ఇవ్వాలి అని డాక్టర్లు తీర్మానించుకున్నారు.

1953లో కలకత్తా డాక్టరు హేమేంద్రనాథ్ చటర్జీ "లాన్సెట్"లో ఒక చిన్న పత్రం అచ్చువేశాడు. తీవ్రత తక్కువగా ఉన్న 186 మంది కలరా రోగులకి నోటితోనే ద్రావణం పట్టించి నయం చేశాడు. లీటరు నీళ్ళకి ఉప్పు 4 గ్రాములు, గ్లూకోజు 25 గ్రాములు. మోల్‌లలోకి మారిస్తే సోడియం 68, గ్లూకోజు 139. సోడియం ఇవాళ్టి కొలతకి ఆశ్చర్యపోయేంత దగ్గరగా ఉంది, గ్లూకోజు కొంచెం ఎక్కువ. కానీ అది ఎందుకు పనిచేసిందో చటర్జీ చూపించలేకపోయాడు, పోలిక కోసం వేరే రోగుల గుంపూ పెట్టలేదు. దానికి రావలసినంత పట్టింపు రాలేదు. పత్రం పశ్చిమ దేశాల నుంచి వచ్చి ఉంటే అలాగే జరిగేదా అన్న అనుమానం నాకుంది. అనుమానమే, రుజువు లేదు.

ఎందుకన్న దానికి జవాబు 1960లో ప్రేగ్‌లో వచ్చింది. అమెరికన్ జీవరసాయనవేత్త రాబర్ట్ క్రేన్ ఒక సదస్సులో చిన్న పేగు గోడ బొమ్మ గీసి చూపించాడు. గ్లూకోజు లోపలికి వెళ్ళే తలుపు సోడియం తోడుంటేనే తెరుచుకుంటుంది. ఆ ప్రధాన ద్వారం దగ్గర ఒక గ్లూకోజు అణువుకి రెండు సోడియం అయాన్లని ఇప్పుడు మనకి తెలుసు. రెండూ లోపలికి పోతే, కణాలు అటువైపు ఎక్కువయ్యాయి కాబట్టి వెనకే నీళ్ళు కూడా నడుస్తాయి. అదే ఫెఫర్ పింగాణీ పాత్ర, ఈసారి మనిషి కడుపులో. కలరా పేగుని ఎంత సతాయించినా ఈ తలుపు జోలికి మాత్రం పోదు. ఉత్త ఉప్పునీళ్ళు అందుకే పని చెయ్యలేదు. ఉప్పు తలుపు దగ్గరకొచ్చింది గానీ తోడు లేదు.

ఇక్కడ గమనించాల్సింది, తోడు అన్నది తలల లెక్క. గ్రాముల్లో ఎన్ని చూసినా ఈ జోడీ కనపడదు.

లెక్క తప్పితే ఏమవుతుందో 1962లో ఫిలిప్పీన్స్‌లో తెలిసింది. అమెరికన్ నేవీ డాక్టరు రాబర్ట్ ఫిలిప్స్ గ్లూకోజు, ఉప్పు కలిపి తాగిస్తే పేగు పీల్చుకుంటోందని గమనించినవాళ్ళలో మొదటివాడు. కానీ అక్కడి ప్రయోగంలో పాళ్ళు కుదరలేదు. రోగుల్లో కొందరు చనిపోయారు, ప్రయోగం ఆగింది. ఆలోచన సరైనదే, గాఢత తప్పు. 1968లో ఢాకాలో డేవిడ్ నేలిన్, రిచర్డ్ కాష్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు, పోయిన నీటిని కొలిచి అంతకి అంత తాగిస్తూ, తీవ్రమైన కలరాలో కూడా నోటి ద్రావణం పనిచేస్తుందని నిరూపించారు. ఎక్కించాల్సిన సెలైన్ నాలుగింట మూడొంతులకి పైగా ఆదా అయింది. కలకత్తా బృందాలు కూడా అదే కాలంలో అదే దారిలో ఉన్నాయి.

1971

ఆ ఏడాది రెండు సంఘటనలు. వాటికి ఒకదాంతో ఒకటి పని లేదు. తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ మోల్‌ని మీటరు, కిలోగ్రాము, సెకండ్ల సరసన ఏడో ప్రాథమిక ప్రమాణంగా చేర్చుకుంది. తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షల మంది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చారు, వాళ్ళ వెంట కలరా.

సరిహద్దుకి ఆనుకుని ఉన్న బొన్‌గావ్‌లో చిన్న ఆసుపత్రి. మంచాలు చాలక నేల మీద పడుకోబెట్టారు. సెలైన్ సీసాలు అయిపోవస్తున్నాయి. అక్కడికి వెళ్ళిన పిల్లల డాక్టరు దిలీప్ మహాలనబిస్ కలకత్తాలో పొట్లాలు కట్టించి తెప్పించాడు. లీటరుకి మామూలు ఉప్పు 3.5 గ్రాములు, వంటసోడా 2.5 గ్రాములు, బజారు గ్లూకోజు 22 గ్రాములు. మూడే సరుకులు. పొటాషియం ఉంటే మంచిదని తెలిసినా, సులువుగా దొరికే మూడింటితో సరిపెట్టాడు. డ్రమ్ముల్లో కలిపి కుళాయి పెట్టారు. పట్టించే పని తల్లులకీ, అన్నదమ్ములకీ, పక్కింటివాళ్ళకీ అప్పజెప్పారు.

ఆ మూడు సరుకుల్నీ లెక్కపెడదాం. ఉప్పు 3.5 అంటే 60 మిల్లీమోల్‌లు. సోడా 2.5 అంటే 30. సోడియం మొత్తం 90. గ్లూకోజు దగ్గర చిన్న మెలిక ఉంది. బజారులో దొరికే గ్లూకోజు పొడి ప్రతి అణువుకీ ఒక నీటి అణువు అంటిపెట్టుకుని ఉంటుంది, దాని మోల్ 198 గ్రాములు. 22ని 198తో భాగిస్తే 111. ఆ నీళ్ళ బరువు లెక్కలోకి తీసుకోకపోతే తీపి తక్కువ పడేది. ఇక మొత్తం: సోడియం 90, క్లోరైడ్ 60, బైకార్బొనేట్ 30, గ్లూకోజు 111. కలిపితే 291. రక్తం దాదాపు 290. వంటింటి సరుకులతో, యుద్ధం అంచున, రక్తానికి సరితూగే ద్రావణం.

ఆ ఆసుపత్రిలో 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన వార్డుల్లో 3.6 శాతానికి పడిపోయాయి. అయినా ఆ పత్రం అచ్చు కావడానికి 1973 దాకా ఆగాల్సొచ్చింది. మహాలనబిస్ 2022లో చనిపోయాడు. పద్మవిభూషణ్ 2023లో వచ్చింది, మరణానంతరం.

మూడువేళ్ళ చిటికెడు

పొట్లం బాగానే ఉంది. పొట్లం చేరని ఊరి మాటేమిటి? యుద్ధం తర్వాత పుట్టిన బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980 నుంచి పదేళ్ళ పాటు ఇంటింటికీ తిరిగి తల్లులకి ఉప్పు-బెల్లం నీళ్ళు కలపడం నేర్పింది. అర సేరు నీళ్ళు, మూడువేళ్ళతో పట్టిన చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం. కోటీ ఇరవై లక్షల ఇళ్ళు దాటింది ఆ నడక.

నా వృత్తి సాఫ్ట్‌వేర్ కాబట్టి నన్ను ఆపేసింది వాళ్ళ టెస్టింగ్. నేర్పి వచ్చిన అమ్మాయికి జీతం ఎన్ని ఇళ్ళు తిరిగిందన్న దాని మీద కాకుండా, తర్వాత ఇంకొకరు వెళ్ళి అడిగినప్పుడు ఆ తల్లికి ఎంత గుర్తుంది అన్న దాని మీద కట్టారు. తల్లులు కలిపిన నీళ్ళని సీసాల్లో పట్టి, సోడియం ఎంతుందో లాబొరేటరీలో పరీక్షించారు. చిటికెడు అన్న మాట ఒక్కో చేతికి ఒక్కోలా ఉంటుంది కదా. ఆ తేడా ప్రాణం తీసేంతదా, ఓర్చుకోగలిగినంతదా అన్నది ఎవరో ఒకరు కొలవాలి. వాళ్ళు కొలిచారు.

చిటికెడు, చారెడు, గుప్పెడు, దోసెడు. మన భాషకి ఈ కొలతలు కొత్త కాదు. వీటిని వెనకబాటుతనంగా చూసే అలవాటు చదువుకున్న మనకి ఉంది. కానీ చిటికెడు కూడా ఒక ప్రమాణమే, దాన్ని మోల్‌తో సరిచూసుకునే ఓపిక ఎవరికైనా ఉంటే. మోల్ లేకుండా చిటికెడుని నమ్మితే ప్రమాదం. చిటికెడు లేకుండా మోల్ ఒక్కటే ఉంటే అది లాబొరేటరీ గడప దాటదు.

311 నుంచి 245కి

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1970లలో ఈ ద్రావణాన్ని తీసుకుని పొటాషియం చేర్చాయి. 1980లలో సోడా బదులు సిట్రేట్ వచ్చింది, పొట్లం తేమకి తొందరగా చెడకుండా ఉండటానికి. సోడియం 90, క్లోరైడ్ 80, పొటాషియం 20, సిట్రేట్ 10, గ్లూకోజు 111. మొత్తం 311. కోట్ల మంది తాగారు. ప్రాణాలు నిలబడ్డాయి. కానీ తల్లుల ఫిర్యాదు ఒకటి అలాగే ఉండిపోయింది: "తాగిస్తున్నాం గానీ విరేచనాలు తగ్గట్లేదు."

అది నిజమే. 311 అంటే రక్తం కన్నా కొంచెం ఎక్కువ. కలరా కాని మామూలు విరేచనాలున్న పిల్లలకి అంత గాఢత అక్కర్లేదేమోనని పరిశోధనలు మొదలయ్యాయి. గ్లూకోజు, ఉప్పు రెండూ తగ్గించి చూశారు. ఫలితాలన్నీ కలిపి చూస్తే పలచని ద్రావణంతో నరానికి సెలైన్ ఎక్కించాల్సిన అవసరం మూడో వంతు తగ్గింది. విరేచనం సుమారు 20 శాతం, వాంతులు సుమారు 30 శాతం తగ్గాయి. 2002లో సూత్రం మార్చారు: సోడియం 75, క్లోరైడ్ 65, గ్లూకోజు 75, పొటాషియం 20, సిట్రేట్ 10. మొత్తం 245. ఇవాళ పొట్లం వెనక కనిపించేది ఇదే.

ఎంత తేడా అనుమతిస్తారో కూడా రాసిపెట్టారు. మొత్తం 200కి తగ్గకూడదు, 310కి మించకూడదు. సోడియం 60 నుంచి 90. గ్లూకోజు కనీసం సోడియంతో సమానంగా ఉండాలి, 111 దాటకూడదు. ఈ ఆఖరి నియమంలో క్రేన్ గీసిన తలుపు బొమ్మ కనిపించడం లేదూ?

పేరు మీద హక్కు

ఇప్పుడొక తియ్యటి పానీయం తీసుకుందాం. పేరు అక్కర్లేదు, 100 మిల్లీలీటర్లకి 11 గ్రాముల పంచదార అనుకోండి. లీటరుకి 110. దాన్ని 342తో భాగిస్తే 322. పేగులో విడిపోయాక గ్లూకోజు 322, ఫ్రక్టోజు 322. మొత్తం 640 దాటింది. గ్లూకోజు పై గీత 111. ఇది దానికి దాదాపు మూడు రెట్లు. తోడు రావాల్సిన సోడియమేమో అరకొర. కణాలు పేగులో ఎక్కువ, రక్తంలో తక్కువ. నీళ్ళు ఎటు నడుస్తాయో 1877 నుంచి మనకి తెలుసు: రక్తంలోంచి పేగులోకి. దప్పికతో ఉన్న పిల్లవాడికి నీళ్ళిస్తున్నామనుకుంటూ వాడి ఒంట్లో నీళ్ళు తోడేస్తాం.

ఇలాంటి తీపి పానీయాలు మన దేశంలో ఏళ్ళ తరబడి డబ్బా మీద "ఓఆర్ఎస్" అన్న మూడక్షరాలు పెట్టుకుని, మందుల షాపుల్లోనే, అసలు పొట్లాల పక్కనే అమ్ముడుపోయాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద పోరాటం మొదలుపెట్టారు. వీడియోలు చేశారు, అధికారులకి ఉత్తరాలు రాశారు, తెలంగాణ హైకోర్టుకి వెళ్ళారు. 2022లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ మాట వాడొద్దని చెప్పి, కొన్ని నెలల్లోనే, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం కాదని ఒక గమనిక వేసుకుంటే చాలని సడలించింది. ఆ గమనిక ఎంత అక్షరాల్లో ఉంటుందో, అర్ధరాత్రి పిల్లాడికి విరేచనాలవుతుంటే షాపుకి పరిగెత్తిన తండ్రి దాన్ని ఎలా చదువుతాడో ఎవరూ ఆలోచించినట్టు లేదు. చివరికి 2025 అక్టోబరులో ఆ సడలింపులు ఎత్తేశారు. సూత్రానికి సరిపోని పానీయం పేరులో ఓఆర్ఎస్ అన్న మాట ముందూ వెనకా ఏం తగిలించినా సరే ఉండకూడదన్నారు.

ఈ గొడవని చాలామంది వ్యాపార ప్రకటనల నైతికతగా చూశారు. నాకు ఇది లెక్కల గొడవగా కనిపిస్తుంది. ఓఆర్ఎస్ అన్నది ఒక రుచి పేరు కాదు, బ్రాండూ కాదు. అది అయిదు అంకెల పేరు. లాటా నుంచి మహాలనబిస్ దాకా ఇంతమంది చేతులు మారి, తప్పులు దిద్దుకుని, 311 కూడా సరిపోలేదని ఒప్పుకుని 245 దగ్గర ఆగిన ఒక నిష్పత్తి. అంకెలు తీసేసి పేరు మాత్రం ఉంచుకుంటే, ఆ చరిత్రంతా ఎవరో పెట్టిన పెట్టుబడిలా ఇంకెవరికో లాభం అవుతుంది.

మనవైపు నుంచి జరిగే పొరపాటు కూడా ఒకటుంది. లీటరు పొట్లాన్ని తెచ్చి, మొత్తం ఒకేసారి ఒక గ్లాసులో కలిపేయడం. పావులీటరు గ్లాసు అనుకుంటే గాఢత నాలుగింతలు: 245 కాస్తా 980 అవుతుంది. కణాల లెక్కలో అది సముద్రపు నీళ్ళకి దగ్గర. పొట్లం అసలుదే, మందూ అసలుదే, నీళ్ళు చాలలేదు, అంతే. గాఢత అంటే ఎంత మందు వేశామన్నది సగమే. ఎన్ని నీళ్ళలో అన్నది మిగతా సగం. ఎంసెట్‌కి మనం బట్టీ పట్టిన ఫార్ములాలో హారంలో కూర్చున్న ఆ లీటర్లే ఇవి.

ఇంటి ద్రావణాన్ని కూడా ఒకసారి పూర్తిగా కట్టి చూడండి. పంచదార 25 గ్రాములు విడిపోతే 73, 73. అర టీస్పూను ఉప్పు సుమారు 3 గ్రాములు, 51, 51. మొత్తం 248. పొట్లంతో తేడా మూడు. సోడియం కొంచెం తక్కువ, పొటాషియం అసలు లేదు, కాబట్టి పొట్లం దొరికితే పొట్లమే మేలు. దొరకని రాత్రి ఇది ఆదుకుంటుంది, స్పూను అంచుకి సమానంగా నింపితే.

తర్వాతిసారి మందుల షాపుకి వెళ్ళినప్పుడు కౌంటరు దగ్గర నిలబడే ఆ రెండు నిమిషాల్లో పొట్లం తిప్పి చూడండి. 75, 65, 75, 20, 10. కూడితే 245 రావాలి.